వడగాలా, ఉక్కపోతా? తీరప్రాంతపు వాతావరణ సూచనలో తెలుగు మాటలు

సందేహం: మాది బరంపురం. మా వీధిలోని తెలుగువాళ్ల కోసం గుడి దగ్గరి నోటీసు బోర్డు మీద వాతావరణ సూచన రాసి పెడుతుంటాను. ఒడియాలోనో ఇంగ్లీషులోనో వచ్చినదాన్ని నేనే తెలుగు చేస్తాను. ఫాల్గుణం చివర్లో గోపాలపూర్ తీరానికి ఎండలు మామూలు కన్నా 4 డిగ్రీలు ఎక్కువని సూచన వస్తే, "మూడు రోజులు వడగాలులు వీస్తాయి. ఉష్ణోగ్రతలు వేడిగా ఉంటాయి. 4 డిగ్రీలు పెరుగుతాయి" అని రాశాను. మా మామగారిది ఇచ్ఛాపురం. ఆయన చదివి, "ఆకు కదలడం లేదు, వడగాలెక్కడిదమ్మా? అయినా వసంతంలో వడగాలులేంటి?" అన్నారు. నేను రాసిన దాంట్లో తప్పులేమిటి? 'ఉష్ణ తరంగం' అని రాస్తే సరిపోతుందా? ఒడియాలో 'గ్రీష్మ ప్రవాహ' అంటారు, దాన్నే ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: మీ మామగారి మొదటి ప్రశ్న చాలా మంచిది. 'వడ' అంటే వేడిమి. వడదెబ్బ, వడగాలి, వడగాడ్పు అన్నీ దాని నుంచి వచ్చినవే. గాడ్పు, గాడుపు అన్నా గాలే. ఆంజనేయుణ్ణి గాడ్పుకొడుకు అనడం విన్నదే కదా. కాబట్టి మాటల అర్థాన్ని బట్టి చూస్తే, గాలి లేనిచోట వడగాలి లేదు. ఆయన చెవికి అది తేడాగా వినిపించడం సహజం.

అయితే ఇప్పుడు ఈ మాట వాతావరణ హెచ్చరికల్లో పారిభాషిక పదమైంది. అక్కడ దానికి కొలత ఉంది. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరప్రాంతంలో 37, కొండ ప్రాంతంలో 30 ఉండాలి. అది ఆ రోజుల్లో ఉండవలసిన సాధారణ ఉష్ణోగ్రత కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువై ఉండాలి. తేడా 6.4 దాటితే 'తీవ్ర' అన్న విశేషణం చేరుతుంది. ఈ కొలతలో గాలి వేగం ఊసే లేదు. అందుకే ఆకు కదలని రోజున కూడా ప్రభుత్వ ప్రకటనలో 'వడగాలులు' కనిపిస్తుంది. పారిభాషిక పదంగా అది తప్పు కాదు.

తప్పు మీరు దాన్ని వాడిన సందర్భంలో ఉంది. మీకు వచ్చిన సూచనలో ఉన్నది 'మామూలు కన్నా 4 డిగ్రీలు ఎక్కువ' అని మాత్రమే. అది వడగాలుల హెచ్చరిక కాదు. ఈ రెంటినీ ఒకే మాటతో రాస్తే, మార్చిలో అనవసరంగా టెన్షన్ పడ్డ పెద్దవాళ్లు మే నెలలో నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు 'ఎప్పుడూ రాసేదే' అని బజారుకి బయల్దేరతారు. ఇది నాకు వ్యాకరణం కన్నా ముఖ్యంగా తోస్తుంది. వడగాలుల హెచ్చరిక ఉంటేనే వడగాలులని రాయండి. లేనప్పుడు 'ఎండ ఎక్కువగా ఉంటుంది' అంటే చాలు.

తీరంలో మరో చిక్కుంది. గోపాలపూర్ వైపు వేడి రెండు రకాలుగా వస్తుంది. పడమటి నుంచి, అంటే కొండల మీదుగా భూమి వైపు నుంచి వచ్చే పొడి గాలి మధ్యాహ్నం దాకా వీస్తూ సముద్రపు గాలిని ఒడ్డుకి రానివ్వకపోతే పాదరసం ఒక్కసారిగా పైకి పోతుంది. ముఖానికి సెగ తగులుతుంది. ఇది అచ్చమైన వడగాలి. సముద్రపు గాలి వచ్చాక ఉష్ణోగ్రత తగ్గుతుంది గాని, గాలి నిండా తేమ ఉండి వేగం తక్కువైతే ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఇది ఉక్క, ఉక్కపోత, కొందరి నోట ఉడకపోత. మీ ఒడియా ఇరుగుపొరుగు 'గుళుగుళి' అనేదీ దీన్నే. మీ మామగారు ఆ రోజు చూసింది ఉక్కపోత, మీరు రాసింది వడగాలి. ఉక్కతో కూడిన వేడి గురించి వాతావరణ శాఖ విడిగా కూడా చెబుతుంది. అప్పుడు 'ఉక్కపోత ఎక్కువగా ఉంటుంది' అని రాయండి. వడగాలికి తలకి గుడ్డ చుట్టుకుని బయటికి పోకుండా ఉంటాం, ఉక్కకి తలుపులు తీసి గాలి ఆడేలా చూసుకుంటాం. మాట మారితే చదివినవాళ్లు చేసే పనీ మారుతుంది.

ఇక్కడ క్రియల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగు అందం చాలావరకు అక్కడే ఉంది. గాలి వీస్తుంది. ఎండ కాస్తుంది, వెన్నెలా కాస్తుంది. వాన కురుస్తుంది. ఉక్క పోస్తుంది. ఈ జంటల్ని విడదీస్తే వాక్యం పరాయిదైపోతుంది. 'ఉక్కపోత వీస్తుంది' అని ఒక ప్రకటనలో చదివినప్పుడు నిజంగా బాధేసింది. 'ఉక్కపోస్తోంది' అన్న వాక్యంలో కర్త కోసం వెతకక్కర్లేదు. 'నాకు ఉక్కపోస్తోంది' అన్నా 'నాకు' అనేది ఆ బాధ ఎవరిదో చెబుతుందే తప్ప కర్త కాదు. ఇక ఎండ ముదురుతుంది, మండుతుంది, మాడ్చేస్తుంది, మాడు పగలగొడుతుంది. సూచన రాసేటప్పుడు ఇవన్నీ అక్కర్లేదు గాని, 'ఎండ తీవ్రత పెరిగే అవకాశం ఉన్నది' అని బిగుసుకుపోకుండా 'ఎండలు ముదురుతాయి' అని రాయడానికి వెనకాడకండి. మీ పిల్లలు ఒడియా స్నేహితులతో తిరిగి 'గరంగా ఉంది' అంటే దాన్నీ తప్పుపట్టకండి. ఆ మాట తెలుగులో ఎప్పటి నుంచో తిరుగుతున్నదే. ఒడియాలో ఎండని 'ఖరా' అంటారు. మన కావ్యాల్లో సూర్యుడు ఖరకరుడు, అంటే వేడి కిరణాలవాడు. పొరుగు భాష మాట మనకి అంత దూరమేమీ కాదు.

వసంతం సంగతికొద్దాం. మన లెక్కలో చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠాషాఢాలు గ్రీష్మం. వైశాఖం మే నెలలోకి వస్తుంది. ఈ తీరంలో ఎండలు మండే రోజుల్లో చాలా భాగం పంచాంగం ప్రకారం వసంతంలోనే ఉన్నాయి. రెండేళ్లకోసారి మీ ఊళ్లో జరిగే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో ఘటాల వెంట నడిచినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి 'వసంతంలో వడగాలులు' అనడంలో వైరుధ్యమేమీ లేదు. వసంతం అనగానే కోయిల, మామిడి చిగురు గుర్తుకొచ్చి మీ మామగారు అలా అని ఉంటారు. నిజానికి మీరు చెప్పిన ఫాల్గుణం చివరి రోజులు మన లెక్కలో వసంతమే కాదు, శిశిరం. మాసాలు మనం అమావాస్యతో ముగిస్తాం, ఒడియావారు పున్నమితో ముగిస్తారు. అందుకని దోళ పున్నమి (హోలీ పున్నమి) మర్నాటి నుంచే వాళ్లకి చైత్రం. ఒకే వీధిలో ఒకే రోజు మీకు ఫాల్గుణం, పక్కింటివారికి చైత్రం. వాతావరణ శాఖకైతే వసంతమనే కాలమే లేదు, మార్చి నుంచి మే దాకా అంతా వర్షాకాలానికి ముందటి కాలమే. బోర్డు మీద ఋతువు పేరు వదిలేసి తేదీ వేయండి.

'ఉష్ణ తరంగం' వద్దు. అది 'హీట్ వేవ్' అన్న ఇంగ్లీషు మాటని ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ సంస్కృతం అతికించినది. గుడి దగ్గర నిలబడి చదివే పెద్దావిడకి తరంగమంటే సముద్రంలోదే. 'గ్రీష్మ ప్రవాహ' ఒడియాలో చక్కగా నిలదొక్కుకున్న మాట, కాని తెలుగులో గ్రీష్మం ఋతువు పేరు, ప్రవాహం నీళ్లది. వాడుకలో వడగాలి అనే మాట ఉండగా ఈ రెండూ ఎందుకు? గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాడుక భాష కోసం పోరాడింది మీకు దగ్గరలోని పర్లాకిమిడిలో ఉండే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు చేరింది, ఇప్పుడు గజపతి జిల్లాలో ఉంది. జనం నోట్లో ఉన్న మాట రాతలోకి రావాలన్న ఆయన వాదన మీ నోటీసు బోర్డుకి అక్షరాలా వర్తిస్తుంది.

ఇక 'ఉష్ణోగ్రతలు వేడిగా ఉంటాయి' తప్పు. ఉష్ణ, ఉగ్రత కలిసి గుణసంధితో ఉష్ణోగ్రత అయింది. అది వేడి ఎంత ఉందో చెప్పే కొలత. మనిషి పొడుగ్గా ఉంటాడు గాని అతని ఎత్తు పొడుగ్గా ఉండదు. అలాగే రోజు వేడిగా ఉంటుంది, ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంటుంది. 'నమోదవుతుంది' అనడం పత్రికల అలవాటు, వాడినా తప్పు లేదు.

'4 డిగ్రీలు పెరుగుతాయి' అన్నది ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం మారిపోయింది. సాధారణం అంటే చాలా ఏళ్ల సగటు. ఈ వారానికి సగటు 33 అనుకోండి, ఇవాళ ఇప్పటికే 36 ఉందనుకోండి. 'సాధారణం కన్నా 4 ఎక్కువ' అంటే రేపు 37. 'మరో 4 పెరుగుతుంది' అంటే రేపు 40. మీ వాక్యం చదివినవాళ్లు రెండోదే అనుకుంటారు. 'కన్నా' లేని పోలిక తెలుగులో గాలిలో వేలాడుతుంది, దాన్ని ఎప్పుడూ వదలకండి.

మీ నోటీసుని నేనైతే ఇలా రాస్తాను: "రేపటి నుంచి మూడు రోజులు గోపాలపూర్, బరంపురం వైపు ఎండ ఎక్కువగా ఉంటుంది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఈ రోజుల్లో మామూలుగా ఉండేదాని కన్నా 4 డిగ్రీల దాకా ఎక్కువ ఉండవచ్చు. సాయంత్రం ఉక్కపోస్తుంది. వడగాలుల హెచ్చరిక లేదు." చివరి వాక్యం తప్పకుండా ఉంచండి.

మీ ఉత్తరంలో లేదు గాని, బోర్డు మీద రాసేటప్పుడు గరిష్ఠ, కనిష్ఠ అని 'ఠ' వత్తు పెట్టండి. 'గరిష్ట' అని చాలాచోట్ల కనిపిస్తోంది, అది సరి కాదు.