ఆరంబాకంలో డీజిల్ ఎందుకు చవక?

ప్రశ్న: నాకు చిన్న ట్రక్కు ఉంది. రొయ్యల లోడుతో మద్రాసు పోతుంటాను. తడ దాటి తమిళనాడులోని ఆరంబాకంలో డీజిల్ కొట్టిస్తే లీటరుకి మూడు నాలుగు రూపాయలు మిగులుతాయి. ఇదంతా కేంద్రం బాదుడని మా బావ, కాదు రాష్ట్రానిదేనని నేను. టీ అంగడి దగ్గర రోజూ ఇదే పంచాయితీ. ఎవరిది కరెక్టు సార్?
– ఒక పాఠకుడు, విడవలూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ఆరంబాకం వరకైతే మీరే గెలిచారు. కేంద్రం వేసే ఎక్సైజు సుంకం విడవలూరులో ఎంతో అక్కడా అంతే. తేడా తెచ్చేది రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, అదే వ్యాట్. 2015లో మన రాష్ట్రం లీటరుకి 4 రూపాయలు అదనంగా వేసినప్పుడు నేను వాణిజ్య పన్నుల శాఖలో, సరిహద్దు దగ్గర బీవీ పాళెం చెక్‌పోస్టులో ఉన్నాను. దక్షిణానికి పోయే లారీలవాళ్ళు ట్యాంకు అడుగంటేదాకా లాక్కొచ్చి, మా కళ్ళ ముందే అవతలికి పోయి నింపుకునేవాళ్ళు. మేం చేసేదేముంది, టీ తాగుతూ చూడడమే.

వ్యాట్‌కు ముందు లీటరు 70 రూపాయలనుకుందాం. మన దగ్గర 22.25 శాతం వ్యాట్, పైన ఆ 4 రూపాయలు, రూపాయి రోడ్డు సెస్సు, సెస్సు మీద మళ్ళీ వ్యాట్. వెరసి 20.80. తమిళనాడులో 11 శాతం, పైన 9.62. వెరసి 17.32. మీకు మిగిలే మూడున్నర ఇదే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 70 కాస్తా 80 అయితే మన పన్ను 2 రూపాయల 22 పైసలు పెరుగుతుంది, వాళ్ళది 1 రూపాయి 10 పైసలే.

బావ మాటా కొట్టిపారేయకండి. కేంద్రం సుంకంలో పెద్ద భాగం సెస్సులు, ప్రత్యేక సుంకాలే. వాటిలో రాష్ట్రాలకు వాటా ఉండదు. 2021 నవంబరులో డీజిల్ మీద 10, 2022 మేలో 6 రూపాయలు కేంద్రం తగ్గిస్తే, శాతం లెక్క కాబట్టి మన వ్యాట్ కూడా దానంతటదే మూడున్నర రూపాయల మేర తగ్గింది. వ్యాట్ శాతం మాత్రం కదల్లేదు. అప్పుడు వ్యాట్ తగ్గించమని బంకుల దగ్గర ధర్నా చేసినవాళ్ళే 2024లో గెలిచారు. 2025లోనూ అవే శాతాలు! అందుకే నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడను.

అసలు దెబ్బ మీ ట్యాంకు దగ్గర ఆగదు. డీజిల్ జీఎస్టీ బయట ఉంది. టైరు మీద కట్టిన జీఎస్టీని వ్యాపారి తను కట్టాల్సిన పన్నులో సర్దుకోగలడేమో గానీ డీజిల్ పన్ను వెనక్కి రాదు. మేత లారీ, ఐసు బండి, కరెంటు పోతే రొయ్యల గుంటలో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పే జనరేటర్, చివర్న మీ బండి. ఆ పన్నంతా రొయ్య నెత్తినే పడుతుంది. వేట పడవలకైతే 2019 నుంచి లీటరుకి 9 రూపాయల రాయితీ ఉంది. గుంట జనరేటర్‌కి అది లేదు.

బాడుగ మాట్లాడుకునేటప్పుడు ఆ రోజు డీజిల్ ధర కాగితం మీద రాయించుకోండి. రేటు రెండు రూపాయలు మారితే బాడుగ ఎంత మారాలో ముందే తేల్చుకోండి. బావతో పంచాయితీ తర్వాతైనా పెట్టుకోవచ్చు.