సోలార్ పెట్టించారు సరే, పాస్‌వర్డ్ మార్చారా?

ప్రశ్న: మా ఇంటిపై 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఎండ మండిపోతున్నా, లైన్‌లో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతోంది. పైగా యాప్‌లో ఎప్పుడూ 3 కిలోవాట్లు కనిపించలేదు. ఇన్వర్టర్ పాడైందా? తక్కువ ఖర్చులో బ్యాటరీ పెట్టుకోవచ్చా?

జవాబు: పాడవలేదు. ఈ ఫిర్యాదు వస్తూనే ఉంది. అమ్మేటప్పుడే ఈ ఒక్క మాట చెబితే ఏం పోతుంది? గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్‌కు కలిపిన ఇన్వర్టర్ లైన్ పోగానే తనంతట తాను ఆగిపోవాలి. ఆగకపోతే మీ కరెంటు బయటి తీగల్లోకి వెళ్లి, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఈ ఆగే ఏర్పాటును బైపాస్ చేసిపెడతానని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి.

ఇక 3 కిలోవాట్లంటారా, అది ల్యాబ్ లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, ప్యానెల్ సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. మండుటెండలో సెల్ 60 డిగ్రీలకు చేరడం మామూలే. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతే, పదో వంతు అక్కడే పోతుంది. దుమ్ము, నీడ దానికి అదనం.

ఇల్లంతా బ్యాటరీ మీద నడపాలనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఫ్యాన్లు, లైట్లు, రౌటర్ కలిపి 250 వాట్లనుకుంటే, 4 గంటలకు 1 యూనిట్ చాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి 2 యూనిట్లది కావాలి. మీ ఇన్వర్టర్ హైబ్రిడ్ (బ్యాటరీని కూడా కలుపుకునే రకం) కాకపోతే బ్యాటరీ దానికి నేరుగా కలవదు. దాన్ని తీసేసి కొత్తది కొనేకంటే, ఈ లోడ్ వరకు విడిగా మామూలు హోమ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవడం చవక.

మీరు అడగలేదు గానీ, నా టెన్షన్ అంతా ఆ యాప్ గురించే. ఇన్వర్టర్ కింద వేలాడే వైఫై డాంగిల్‌ను, అంటే యాప్‌కు లెక్కలు పంపే చిన్న పరికరాన్ని ఒకసారి చూడండి. చాలావాటికి సొంత హాట్‌స్పాట్ ఉంటుంది, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదే ఉంటుంది, లేదా ఆ మోడల్ మొత్తానికీ ఒకటే. బిగించినవాళ్లు దాన్ని మార్చరు, మీరూ మార్చరు. యాప్‌లో ఓనర్ ఖాతా ఎవరి ఈమెయిల్‌తో ఉందో చూశారా? చాలా ఇళ్లలో అది ఇన్‌స్టాలర్‌దే. అంటే మీ ఇంటి సోలార్ కరెంటును ఆపే బటన్ ఆయన ఫోన్‌లో ఉండొచ్చు. ఆయన పాస్‌వర్డ్ దొరికితే, ఆయన బిగించిన ఇళ్లన్నీ ఒకేసారి దొరికినట్టే. లక్షల ఇన్వర్టర్లను ఎవరో ఒక్కసారిగా ఆపితే గ్రిడ్డే తడబడొచ్చు. ఇలాంటి లోపాలను భద్రతా పరిశోధకులు ఇప్పటికే బయటపెట్టారు.

ఖాతాను మీ పేరుకు మార్పించుకోండి. డాంగిల్‌ పాస్‌వర్డ్ మార్చి, డాంగిల్‌ను రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు (మీ ఫోన్లు, కంప్యూటర్లు ఉన్న వైఫైకి వేరుగా ఉండేదానికి) కలపండి. రౌటర్‌లో దానికోసం పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరవమంటే ఒప్పుకోవద్దు.

అసలు మన ఇంటిమీద ఎన్ని యూనిట్లు వచ్చాయో మనకు చెప్పడానికి ఆ లెక్క ఎక్కడో సర్వర్‌కు వెళ్లి రావడమెందుకు? సర్వర్ పడుకుంటే యాప్ ‘ఆఫ్‌లైన్’ అంటుంది, జనం ప్యానెళ్లే పోయాయని కంగారు పడతారు. అప్‌డేట్‌లో ఏం మార్చారో ఒక్క ముక్క చెప్పరు. కొత్తగా కొనేవాళ్లు బేరానికి ముందే అడగండి: ఇంటర్నెట్ తీసేసినా ఇన్వర్టర్ స్క్రీన్ మీద లెక్కలు కనిపిస్తాయా? లేదంటే ఇంకో మోడల్ చూడండి.