చిన్న వ్యాపారానికి ఏ పేమెంట్ గేట్‌వే తీసుకోవాలి?

పేమెంట్ గేట్‌వే అంటే కస్టమర్ ఆన్‌లైన్‌లో కట్టే డబ్బును మీ ఖాతాకు చేర్చే సేవ. ముందు మీ సగటు బిల్లు ఎంతో చూడండి. ఛార్జీ చాలాచోట్ల రెండు ముక్కలుగా ఉంటుంది: కొంత శాతం, దాని మీద ఒక్కో లావాదేవీకి స్థిర మొత్తం. 2 శాతం, పైన 3 రూపాయలు అనుకుందాం. 1000 అమ్మితే 23 పోతుంది, అంటే 2.3 శాతం. అదే 50 అమ్మితే 4 పోతుంది, ఏకంగా 8 శాతం! చిన్న బిల్లులవాళ్లు స్థిర మొత్తం లేనిది వెతుక్కోవడమే మేలు. రీఫండ్ ఇచ్చినా మొదట కోసుకున్న ఛార్జీని చాలామంది తిరిగివ్వరు. ఛార్జ్‌బ్యాక్ (కస్టమర్ తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి రప్పించుకోవడం) వస్తే విడిగా ఇంకో రుసుము.

డబ్బు మీ ఖాతాలో ఎన్నాళ్లకు పడుతుంది, అందులో కొంత రిజర్వుగా ఆపుతారా అన్నది ఒప్పందంలోనే చదవండి. నిషిద్ధ వ్యాపారాల జాబితా కూడా. అది చూడకుండా చేరితే, అమ్మకాలు ఊపందుకున్నాక ఖాతా స్తంభించే ప్రమాదం ఉంది.

కార్డు వివరాలు మీ సర్వర్‌ను తాకకుండా గేట్‌వే వాళ్ల చెకౌట్ (చెల్లింపు) పేజీనే వాడండి. పీసీఐ డీఎస్ఎస్ (కార్డు సమాచార భద్రతా నియమాలు) భారం బాగా తగ్గుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది వెబ్‌హుక్ దగ్గర, అంటే డబ్బు అందిందని గేట్‌వే నేరుగా మీ సర్వర్‌కు పంపే సందేశం దగ్గర. కస్టమర్ డబ్బు కట్టి, మీ 'ధన్యవాదాలు' పేజీ తెరుచుకోకముందే బ్రౌజర్ మూసేస్తే ఆర్డరు నమోదు కాదు. అందుకే ఆ పేజీని కాక, వెబ్‌హుక్‌ను నమ్మాలి. అది నిజంగా గేట్‌వే పంపిందేనా అని దాని డిజిటల్ సంతకం సరిచూడండి. ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. లావాదేవీ ఐడీ ముందే నమోదై ఉంటే వదిలేయండి, లేకపోతే సరుకు రెండుసార్లు వెళ్తుంది.

నెలనెలా చందాలు వసూలు చేసేవాళ్లు, రేపు మారాల్సివస్తే కార్డు టోకెన్లను (కార్డు నంబరుకు బదులు దాచే కోడ్‌లను) కొత్త సంస్థకు బదిలీ చేస్తారా అని రాతపూర్వకంగా అడగండి.