రోబో వాక్యూమ్ వేడెక్కి ఆగిపోతోందా? బ్యాటరీ కొనేముందు బ్రష్ విప్పండి

ప్రశ్న: మా రోబో వాక్యూమ్ క్లీనర్ కొని రెండేళ్లయింది. ఈమధ్య హాలు సగం ఊడ్చేసరికే ఒళ్లంతా వేడెక్కి ఆగిపోతోంది. బ్యాటరీ మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అప్పుడే మార్చకండి. ఛార్జింగ్‌లో వేడెక్కితే బ్యాటరీని అనుమానించాలి. మీది ఊడుస్తుండగా వేడెక్కుతోంది కాబట్టి నా మొదటి అనుమానం బ్రష్ మీదే.

మెషీన్ స్విచ్ ఆపి బోర్లా తిప్పండి. మెయిన్ బ్రష్‌ను బయటికి తీసి రెండు చివర్లూ చూడండి. బ్రష్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. చివరనున్న క్యాప్ ఊడదీస్తేనే లోపల బిగుసుకుపోయిన తలవెంట్రుకలు, దారప్పోగులు బయటపడతాయి. పొడవాటి జుట్టున్నవాళ్ల ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆ బిగువుకు మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడి అక్కడే పుడుతుంది. చిన్న కత్తెరతో కత్తిరించి తీసేయండి. సైడ్ బ్రష్ కింద, ముందు చక్రం ఇరుసు చుట్టూ కూడా ఇదే పని చేయాలి.

తర్వాత ఫిల్టర్. గాలి పీల్చే మోటారు చాలావరకు ఆ గాలితోనే చల్లబడుతుంది. ముగ్గుపిండి, సున్నం లాంటి మెత్తటి పొడి ఫిల్టర్ మడతల్లో కూరుకుపోతే ఆ గాలి ఆడదు. గుమ్మం దగ్గర ముగ్గు వేసే అలవాటుంటే యాప్‌లో అక్కడికి నో-గో జోన్ (మెషీన్ వెళ్లకూడని చోటు) పెట్టేయండి, ముగ్గూ చెదరదు. కడగొచ్చని మాన్యువల్‌లో ఉంటేనే ఫిల్టర్‌ను కడిగి, 24 గంటలు ఆరనివ్వండి. తడి ఫిల్టర్ పెడితే దుమ్ము ముద్దకట్టి పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఇవన్నీ అయ్యాక సక్షన్‌ను (గాలి పీల్చే జోరును) మ్యాక్స్ నుంచి స్టాండర్డ్‌కు తగ్గించి ఒకసారి నడపండి.

డాక్‌ను, అంటే మెషీన్ ఛార్జింగ్ స్టాండును ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. ఎండ పడే కిటికీ పక్కన ఉంటే మాత్రం వెంటనే లోపలికి జరపండి. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మీ ఊరి మే నెల సంగతి మీకు తెలిసిందే. ఛార్జింగ్ పిన్నులను పొడిబట్టతో తుడవండి.

అప్పటికీ ఫుల్ ఛార్జ్ చేసినా ఊడుస్తుండగా కాసేపట్లోనే దిగిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే. మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చేదే కొనండి. బ్యాటరీ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా ఇంకోసారి ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మెషీన్‌ను పరుపులు, కర్టెన్లకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.