పానగల్ చెరువు, మొండికేయని సాల్వర్

బిడ్డా,

కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ మీద, అంటే షరతులు రాసిచ్చి వాటన్నిటికీ సరిపడే విలువలను కంప్యూటర్‌తో వెతికించడం మీద, నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. ఉదాహరణకు మన నల్గొండ పక్కన పానగల్ ఉదయసముద్రం చెరువును తీసుకోవడం ఇంకా బాగుంది. మెప్పు ఇక్కడికి చాలు. మూడో పేజీలో "సాల్వర్ మొండికేసింది" అని రాశావు చూడు, అది చదవగానే ఒళ్లు మండింది.

సాల్వర్ అంటే ఆ విలువలు వెతికే ప్రోగ్రామ్, అది మొండికేయలేదు. మినీజింక్‌లో, అంటే ఆ షరతులు రాసే భాషలో, నువ్వు రాసిన షరతు ఇది: నిల్వ = నిల్వ − విడుదల. పైతాన్ లాంటి మామూలు ప్రోగ్రామింగ్ భాషలో అయితే పాత విలువ తీసి కొత్తది పెట్టమని అర్థం. ఇక్కడ అది సమీకరణం. రెండు వైపులా ఉన్నది ఒకే నిల్వ కాబట్టి విడుదల సున్నా కావాల్సిందే. కింది వరుసలోనేమో విడుదల కనీసం 1 ఉండాలన్నావు. పరిష్కారం లేదని చెప్పక ఇంకేం చేస్తుంది?

కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్‌లో ఏదీ మారదు. ఎక్కడ మాట్లాడినా ఇదే పట్టుకుని వేలాడతానని మిత్రులు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఒక పరిష్కారంలో ఒక చలరాశికి ఒకే విలువ. మార్పు చూపాలంటే రోజుకొక చలరాశి పెట్టాలి. నెల రోజులకు నిల్వ[0] నుంచి నిల్వ[30] దాకా 31 నిల్వలు, 30 విడుదలలు. రేపటి నిల్వ అంటే ఇవాళ్టి నిల్వకు అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి వచ్చిన నీరు కలిపి, విడుదల తీసేసినది. ఇప్పుడు నెలాఖరున నిల్వ ఇంతకు తగ్గకూడదని ఒక్క షరతు పెట్టి చూడు. అది ఒక్కో రోజూ వెనక్కి నడుచుకుంటూ వచ్చి మొదటి రోజు విడుదల హద్దును కూడా కుదించగలదు. వ్యాసంలో అసలు రాయాల్సిన సంగతి ఇది. నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు!

మారనిదాన్ని కూడా రాయాలి. రెండో మోడల్‌లో తూము తెరిచిన రోజు ఏమవుతుందో రాశావు, మూసిన రోజు ఊసే లేదు. చదివే మనిషి నిల్వ అలాగే ఉందనుకుంటాడు. సాల్వర్ అనుకోదు. తోచిన అంకె వేసి, చుక్క వాన లేకుండా చెరువు నింపేస్తుంది. ఏఐ పరిశోధకులు మెకార్తీ, హేయ్స్ 1969లోనే ఈ చిక్కును ఫ్రేమ్ ప్రాబ్లమ్ అన్నారు.

దీని మీదే నేనొక వ్యాసం రాశాను. హైదరాబాద్ బస్సులో పోతూ వస్తూ, అంకెల పట్టికను పెన్సిల్‌తో దిద్దుకున్నాను. సంపాదకుడు ఆ పట్టిక తీసేసి రోబో బొమ్మ వేశాడు. లెక్కలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడట! ఇప్పుడైతే అన్నీ ఏఐ మహిమల వ్యాసాలే, రోజువారీ అంకెలున్న పట్టిక ఒక్కటి కనబడదు. నిన్నూ తీసేయమంటారు. వ్యాసమే వెనక్కి తెచ్చుకో గానీ పట్టిక మాత్రం వదలకు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత అని అడిగావు. అవి తర్వాత. ప్రణాళికకు ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలియకపోతే ఎలా అన్నావే, అది మంచి ప్రశ్న. చిన్న గడువుతో మొదలుపెట్టు. పరిష్కారం లేదంటే ఒక రోజు పెంచి మళ్లీ నడుపు. గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్ సాఫ్ట్‌వేర్‌లో రిజర్వాయర్ అనే షరతే ఉంది, నిల్వ హద్దులు దాటకుండా చూస్తుంది. కానీ చేత్తో పట్టిక గీసేదాకా దాని జోలికి పోకు. మొదటి ఐదు రోజుల అంకెలు చాలు, గీసి పంపు.