పిస్టల్ సంగతి తర్వాత, ముందు వెళ్లి కాగితాలు అంటించండి

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) తరహా ప్రాక్టికల్ పిస్టల్ పోటీల్లో, అంటే కదులుతూ టైమరు మీద టార్గెట్లు కాల్చే ఆటలో, పాల్గొనాలని ఉంది. ఇంతవరకు ఒక్క పోటీకీ వెళ్లలేదు. ఏ పిస్టల్ కొనాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లందరూ పిస్టల్ దగ్గరే మొదలుపెడతారు. మనవాళ్లకు ఇదొక జబ్బు. రోజూ నడవాలనుకుంటే ముందు ఖరీదైన బూట్లు కొంటారు. వీణ నేర్చుకోవాలనుకుంటే ముందు బొబ్బిలి నుంచి వీణ తెప్పిస్తారు. ఆరు నెలల తర్వాత బూట్లు గరాజులో, వీణ అటక మీద ఉంటాయి. అందుకే పిస్టల్ పేరు ఇప్పుడే చెప్పను. చివరికి కూడా చెప్పకపోవచ్చు.

నేను ఒహాయోలో ఉంటాను. వయసు 46, అకౌంట్స్ ఉద్యోగం. ఆరేళ్లుగా ఈ పోటీలకు వెళ్తున్నాను. మా ఆయనకు దీని మీద ఏమాత్రం ఆసక్తి లేదు. అయినా పోటీలో కలిసిన ప్రతి కొత్త మనిషీ నన్ను మొదట అడిగేది "మీ ఆయన ఏ స్క్వాడ్‌లో ఉన్నారు?" అనే. స్క్వాడ్ అంటే పోటీలో కలిసి తిరిగే చిన్న గుంపు. ఆయన ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నారని చెబుతాను. చాలా ఆదివారాలు అది నిజం కూడా.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఇది. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవాళ్లకు, అలాంటి మరికొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది. "కొనడం లేదు కదా, రేంజిలో అద్దెకు తీసుకుని ఓ గంట కాలుస్తాను" అనేవాళ్లకు కూడా చెబుతున్నాను, చేతిలో పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను, ఆగడం వల్ల నాకు పోయిందేమీ లేదు. మీ పరిస్థితి ఏమిటో ఇమిగ్రేషన్ లాయరును అడగండి. పక్కింటి అబ్బాయి నిరుడు వెళ్లి వచ్చాడని మీరూ బయలుదేరకండి.

వీసా ఇబ్బంది లేకపోతే, మీ ఊరికి దగ్గరలో నెలనెలా పోటీ పెట్టే క్లబ్బు ఎక్కడుందో ప్రాక్టిస్కోర్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. పేర్లు నమోదు చేసేదీ మార్కులు లెక్కపెట్టేదీ అందులోనే. మొదటిసారి ఆడడానికి వెళ్లకండి. ఉత్త చేతులతో వెళ్లండి. కళ్లజోడు, చెవులకు రక్షణ, టోపీ, నీళ్ల సీసా చాలు. నిర్వాహకుల్ని కలిసి "కొత్తగా వచ్చాను, చూస్తాను, టార్గెట్లకు అంటిస్తాను" అని చెప్పండి. ఒకరు కాల్చిన తర్వాత ఆ గోధుమరంగు అట్టల మీద పడిన ప్రతి రంధ్రానికీ చిన్న కాగితపు ముక్క అంటించాలి. లేకపోతే తర్వాతి మనిషి మార్కులు లెక్క తేలవు. ఈ పని చేస్తానన్నవాళ్లను కాదనే క్లబ్బు భూమ్మీద ఉండదు. ఎందుకంటే ఈ పని తప్పించుకునేవాళ్లు ప్రతి స్క్వాడ్‌లోనూ ఇద్దరు ఉంటారు. తమ వంతు కాగానే కుర్చీలో కూర్చుని తమ వీడియో తామే చూసుకుంటారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు, రాయను.

ఒక రోజంతా అంటిస్తే ఈ ఆట లెక్క మీ కళ్లకే తెలుస్తుంది. వచ్చిన మార్కుల్ని పట్టిన సెకన్లతో భాగిస్తారు, అంతే. పన్నెండు అట్టలు, ఒక్కోదానికి రెండు తూటాలు అనుకోండి. అన్నీ మధ్యలో ఉండే 'ఎ' గడిలో పడితే ఒక్కో తూటాకు 5 చొప్పున 120. ఇరవై సెకన్లు పడితే 6.0. ఇప్పుడొక కుర్రాడు పదిహేడు సెకన్లలో ముగించి రెండు తూటాలు అట్టలకు తగలకుండా వదిలాడు. 110 వస్తాయి, తప్పిన ఒక్కోదానికి పది చొప్పున ఇరవై పోతాయి, మిగిలేది 90. పదిహేడుతో భాగిస్తే 5.3 కూడా రాదు. అలాగని నిమ్మళంగా ముప్పై సెకన్లు తీసుకుని 120 తెచ్చుకుంటే 4.0, ఇంకా ఘోరం. 1976లో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియాలో ఈ ఆట అంతర్జాతీయ సంఘం ఐపీఎస్‌సీని స్థాపించినవాళ్లు పెట్టుకున్న లాటిన్ నినాదంలో మూడు మాటలున్నాయి, గురి, శక్తి, వేగం. వేగం చివర ఉంది. పోటీకి వచ్చే కుర్రాళ్లు దాన్ని కుడి నుంచి ఎడమకు చదువుతారు.

నేనూ అలాగే చదివాను. నా మొదటి పోటీ ఏప్రిల్‌లో. తెల్లవారుజాము నుంచీ వాన. టార్గెట్లు తడవకుండా ఒక్కోదానికీ ప్లాస్టిక్ సంచి తొడిగారు. పెళ్లి పందిట్లో అరటి చెట్లకు గోనెసంచులు కట్టినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. మొత్తం ఆరు స్టేజీలు, అంటే ఒకదాని తర్వాత ఒకటి ఆడాల్సిన ఆరు టార్గెట్ల ఏర్పాట్లు. రెండో స్టేజీలో ఒక్కటి కూడా తప్పలేదు. నా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

మూడో స్టేజీలో కుడివైపు నాలుగు అట్టలు కాల్చి, ఒక చెక్క గోడ వెనకనుంచి ఎడమవైపు పరుగెత్తి, దారిలోనే మ్యాగజైన్ (పిస్టల్ పిడిలో దూర్చే తూటాల డబ్బీ) మార్చుకోవాలి. స్టేజీ చూసుకోవడానికి ఇచ్చిన ఐదు నిమిషాల్లో నేను నాలుగుసార్లు నడిచాను. టైమరు మోగింది. నాలుగూ బాగా పడ్డాయి. సిటీ బస్సు కదిలిపోతుంటే పరుగెత్తినట్టు పరుగెత్తాను. ఎడమ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. మ్యాగజైన్ రాలేదు. వాన కోటు అంచు దాని మీద పడి ఉంది. తలవంచి కోటును లాగాను. మళ్లీ లాగాను.

"స్టాప్!"

ఈ ఆటలో మన్నించలేని తప్పులు కొన్ని ఉన్నాయి. టార్గెట్ల వైపు తిరిగి నిలబడి రెండు చేతులూ పక్కలకు చాపితే ఒక గీత అవుతుంది కదా, పిస్టల్ గొట్టం ఆ గీత దాటి వెనక్కి రాకూడదు. ఇటు 90, అటు 90, మొత్తం 180 డిగ్రీలు. కుడిచేతి వాటం వాళ్లు ఎడమకు పరుగెత్తుతూ మ్యాగజైన్ మార్చేటప్పుడు ఇది సులువుగా తప్పుతుంది. ఒళ్లంతా ఎడమకు తిరిగి ఉంటుంది. మ్యాగజైన్ దూర్చడానికి పిస్టల్‌ను తిప్పితే గొట్టం ఇంకాస్త ఎడమకు, అంటే వెనక్కి పోతుంది. నాకు ఈ సంగతి ముందే తెలుసు. పరీక్ష పెడితే నూటికి నూరు తెచ్చుకునేదాన్ని.

స్టేజీని దగ్గరుండి నడిపించే రేంజ్ ఆఫీసర్ ముసలాయన. అరవలేదు, ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా అన్నారు. పిస్టల్‌ను మట్టిగట్టు వైపు తిప్పమన్నారు, ఖాళీ చేసి చూపించమన్నారు, హోల్‌స్టర్‌లో, అంటే బెల్టుకున్న ఒరలో పెట్టమన్నారు. వాన నీళ్లు టోపీ అంచు నుంచి నా చేతుల మీద కారుతున్నాయి. నా చేతులు వణకలేదు, ఆశ్చర్యంగా ఉంది, మోకాళ్లు వణికాయి. ఆయన పక్కకు తీసుకెళ్లి అడిగారు.

"అప్పుడు నువ్వు ఏం చూస్తున్నావు?"

"కోటు."

"తుపాకీ ఎక్కడుంది?"

చెప్పలేకపోయాను. నిజంగానే తెలియదు. ఆయన తలూపి కాగితం మీద రాసుకున్నారు. ఆ రోజుకు నా ఆట ముగిసింది. కట్టిన డబ్బు వెనక్కి రాదు, మిగిలిన మూడు స్టేజీలు ఆడనివ్వరు. కన్నీళ్లు రాలేదు గానీ, కారెక్కి వెళ్లిపోదామనిపించింది. పిస్టల్ సంచిలో పెట్టేశాను, కానీ వెళ్లలేదు. కాగితం ముక్కల చుట్ట జేబులో వేసుకుని సాయంత్రం దాకా అంటించాను. తడి అట్ట మీద అవి అంటుకోవు. బొటనవేలితో నొక్కి పట్టుకుని, చలికి గోళ్లు నీలమయ్యాక కూడా అంటించాను. తలెత్తి చూస్తూ ఉన్నాను. బాగా ఆడేవాళ్ల చేతులు పరుగులోనూ ఛాతీ ఎత్తులోనే ఉన్నాయి, చూపు మ్యాగజైన్ దూర్చే చోటే ఉంది. ఎడమకు వెళ్లేటప్పుడు కొందరు ఒళ్లు టార్గెట్ల వైపు ఉంచి అడ్డంగా అడుగులు వేస్తున్నారు. నేను డబ్బు కట్టి చేరిన రెండు క్లాసుల్లో ఇంత నేర్చుకోలేదు. ఆ క్లాసులు చెప్పినాయన సగం సమయం తన గొప్పలే చెప్పుకున్నారు.

ఇంకో సంగతి. మధ్యాహ్నం పులిహోర డబ్బా తీసి చేత్తో కలపబోతుంటే అదే రేంజ్ ఆఫీసర్ వచ్చి ఆపారు. పిస్టల్ పట్టుకున్న వేళ్లకు సీసం పొడి ఉంటుంది, సబ్బుతో కడుక్కోకుండా తినకూడదన్నారు. చెంచాలతో తినేవాళ్లూ కడుక్కోవాల్సిందే గానీ, చేత్తో తినే మనకు ఇది మరీ ముఖ్యం. ఇంటికి రాగానే ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను.

మనలో చాలామందికి తుపాకీ అంటే దీపావళి రీళ్ల తుపాకీ. చిన్నప్పుడు తెనాలిలో మా తమ్ముడి వీపు మీద పెట్టి ఎన్ని రీళ్లు కాల్చానో లెక్కలేదు. ముందు ఆ అలవాటు వదిలించుకోవాలి. ఖాళీ పిస్టలైనా మనిషి వైపు తిప్పకూడదు, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. పోటీ స్థలంలో అందరి పిస్టళ్లూ ఖాళీగానే ఉంటాయి. రేంజ్ ఆఫీసర్ "మేక్ రెడీ" అన్నాకే తూటాలు ఎక్కించాలి. సరిచేసుకోవాలంటే సేఫ్టీ ఏరియా అని ఒక బల్ల ఉంటుంది, అక్కడ పిస్టల్ తీయవచ్చు, తూటాలు ముట్టుకోకూడదు. ఖాళీ పిస్టల్ పొరపాటున కింద పడితే మీరు తీయకండి. ఆఫీసర్‌ను పిలవండి, ఆయనే తీస్తారు. గబుక్కున వంగి తీశారా, మీరూ నాతోపాటు కాగితాలు అంటించాల్సిందే.

ఇంట్లో సాధన గురించి అడగలేదు, అయినా చెబుతాను. తూటాలు వేరే గదిలో పెట్టి, పిస్టల్ మూడుసార్లు ఖాళీ చూసుకుని, గట్టి గోడకు తపాలా బిళ్లంత కాగితం అంటించి రోజూ పది నిమిషాలు. తీయడం, గురిపెట్టడం, మ్యాగజైన్ మార్చడం. కిందటేడు అమ్మ వచ్చినప్పుడు తెల్లవారి ఐదింటికి నన్ను ఈ అవతారంలో చూసింది. కాసేపు గుమ్మంలో నిలబడి, "హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఏషియన్ గేమ్స్‌లో పతకాలు తెచ్చింది, టీవీలో చూశాను. నువ్వు ఏం తెచ్చావే?" అంది. ఆ అమ్మాయి ఆడేది కదలకుండా నిలబడి కాల్చే ఆట, ఇది వేరు అని చెప్పబోయాను. "కదిలితే ఇంకా కష్టం కదా" అని కాఫీకి వెళ్లిపోయింది. మరి నా స్థాయి ఏమిటంటే, సి క్లాసు, అంటే అందరికంటే బాగా ఆడేవాళ్ల స్కోరులో 40 నుంచి 60 శాతం మధ్య. మూడేళ్లు అన్నిటికంటే కింద ఉండే డి లో కూర్చుని ఎక్కాను.

నా గమనిక ఒకటి, ఆధారం నా కళ్లే. ఈ ఆటలో అందరికంటే ఆలస్యంగా బాగుపడేది సాఫ్ట్‌వేర్ వాళ్లు. స్టేజీని పన్నెండుసార్లు నడిచి, నోట్సు రాసుకుని, టైమరు మోగగానే మొత్తం మరచిపోతారు. త్వరగా పట్టుకునేది నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి వంట చేసేవాళ్లు. ఏది ముందు, ఏది ఆగుతుంది, చెయ్యి ఒకచోట ఉండగా కన్ను ఎక్కడుండాలో వాళ్లకు చెప్పక్కర్లేదు. మా ఆయన దిగితే నన్ను మించిపోతారేమోనని నా భయం.

ఇక సామాను. ఎక్కువ తిప్పలు పెట్టేది పిస్టల్ కాదు, బెల్టు. ముఖ్యంగా ఆడవాళ్లకు. హోల్‌స్టర్లు చాలావరకు తిన్నని నడుము ఉన్న మగవాళ్ల కొలతకు చేస్తారు. మనకు తుంటి దగ్గర పిస్టల్ వెనకభాగం వచ్చి పక్కటెముకల్లో పొడుస్తుంది. దుకాణంలో ఈ బాధ చెబితే గులాబీరంగు పిస్టల్ చూపిస్తారు. రంగు ఎవరడిగారు? హోల్‌స్టర్‌ను కాస్త కిందికి, కాస్త బయటికి దించే చిన్న బిళ్ల ఒకటి దొరుకుతుంది, అది అడగండి. దానితో పాటు గట్టి బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్, మూడు నాలుగు మ్యాగజైన్ పౌచ్‌లు, ఐదు మ్యాగజైన్లు, రెండు వందల తూటాలు. పిస్టల్ అంటారా, చేతిలో ఇమిడే ఏ మామూలు 9 ఎం.ఎం. అయినా చాలు. కాగితాలు అంటించిన రోజు స్క్వాడ్‌లో వాళ్లను అడగండి. కాస్త పరిచయమయ్యాక తమవి తామే తెచ్చి చూపిస్తారు, వద్దన్నా వదలరు.

రెండో పోటీ మే నెలలో ఆడాను. ఆరు స్టేజీలూ పూర్తిచేశాను, చివరినుంచి రెండోదాన్ని. నా తర్వాత ఉన్నాయన పిస్టల్ మధ్యలో పాడైంది, లేకపోతే చివరిదాన్నే. ఆ వాన కోటు మాత్రం ఇప్పటికీ కారు డిక్కీలో స్టెప్నీ టైరు కింద ఉంది. వానొస్తే తడుస్తాను.