ముందు ఆయిలు సంగతి తేల్చు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ 1968 ట్రయంఫ్ బోనవిల్ మోటార్‌సైకిల్ నీలం పొగ వదులుతోందని, స్పార్క్ ప్లగ్గులు రెండూ నల్లబడుతున్నాయని, ఆదివారం పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్లు విప్పుతానని రాశావు. విప్పకు. పెట్రోలు ఎక్కువైతే పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ మీద పొడి మసి పడుతుంది. పొగ నీలంగా ఉండి, ప్లగ్ వేలికి జిడ్డుగా తగిలిందంటే అది ఆయిలు.

నెలల తరబడి కదలని బండి అన్నావు కాబట్టి నా అనుమానం ఇది. ఈ ఇంజనుకు ఆయిలు విడిగా ట్యాంకులో ఉంటుంది. పంపు ఒక పక్క దాన్ని బేరింగులకు తోస్తుంది, ఇంకో పక్క క్రాంక్‌కేసులో, అంటే ఇంజను అడుగు పెట్టెలో, పడ్డది పీల్చి తిరిగి ట్యాంకుకు చేరుస్తుంది. పంపులోని బాల్ వాల్వ్ కింద చిన్న నలుసు ఇరుక్కున్నా చాలు, బండి నిలబడి ఉన్నన్నాళ్ళూ ట్యాంకులోది మెల్లగా కిందికి దిగిపోతుంది. ట్యాంకు తగ్గిందని పైన పోసి ఉంటావు. ఆ అదనపు ఆయిలే ఇప్పుడు పొగగా వస్తోంది.

ఇంజను అడుగున ఆయిలు వదిలే డ్రెయిన్ ప్లగ్ విప్పి, దిగిందంతా వంపెయ్యి. జాలీ కడిగి బిగించి, ట్యాంకులో లెవెల్ సరిచేసి, మూత తీసి స్టార్ట్ చెయ్యి. రిటర్న్ గొట్టంలోంచి ఆయిలు బుడగలతో, ఆగి ఆగి చిమ్ముతుంది. బుడగలు చూసి టెన్షన్ పడకు. పీల్చే పక్క పంపు పెద్దది, గాలిని కూడా లాగుతుంది. నిమిషంలోపు ఏమీ రాకపోతే మాత్రం వెంటనే ఆపెయ్యి. పైపులు తారుమారుగా తగిలించారేమో, పాత రబ్బరు లోపల పొర ఊడి దారి మూసుకుందేమో చూసి, ఆ తర్వాతే పంపు విప్పు. వాల్వులను నొక్కే మీటలకు, అంటే రాకర్లకు, ఆయిలు వెళ్ళేది ఈ రిటర్న్ లైన్ నుంచే, అది ఆగితే అవీ ఎండుతాయి.

ఒక్క సంగతి. రిటర్న్ బాగుందంటే ప్రెజర్ బాగున్నట్టు కాదు. గేజ్ పెట్టి చూడాలి. ఇంజను వేడెక్కి బండి మామూలు వేగంలో నడుస్తున్నప్పుడు 65 నుంచి 80 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి.

ఆయిలు దిగకుండా పైపుకు కుళాయి పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. నేను ఒప్పుకోను. తెరవడం మరిచిపోయిన ఒక్క రోజు చాలు, ఇంజను పట్టేస్తుంది.

పొగ ఆగాకే కార్బురేటర్. అప్పుడు కూడా ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన సందు, చల్లటి ఇంజను మీద చూడు: ఇన్లెట్ 0.002 అంగుళం, ఎగ్జాస్ట్ 0.004. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, కూడా చూసుకో. కార్బురేటర్ మీద పడే నిందల్లో సగం వీటివే. నీ బండి కార్బురేటర్ అమాల్ కాన్సెంట్రిక్ రకం. దాన్ని గట్టిగా బిగించేస్తే ఇంజనుకు ఆనే ఫ్లాంజ్ అంచు వంగి గాలి లాగుతుంది. స్కేలు ఆనించి చూడు.

ఇబ్బంది ఎక్కడుందో థ్రాటిలే చెబుతుంది. థ్రాటిల్ ఎనిమిదో వంతు తెరిచే వరకు పెట్రోలు పాళ్ళు చూసేది పైలట్ జెట్ అనే సన్న రంధ్రం, అక్కడి నుంచి పావు వరకు థ్రాటిల్‌తో లేచే స్లైడ్ అడుగున ఉన్న కోత, పావు నుంచి ముప్పావు వరకు ఆ స్లైడ్‌కున్న సూది (నీడిల్), ఆపైన మెయిన్ జెట్. స్లోలో ఆగిపోయే బండికి మెయిన్ జెట్ మార్చి లాభం లేదు. పైలట్ దారి చాలా సన్నం, పాత పెట్రోలు జిగురు పట్టి మూసుకుంటుంది. స్ప్రే కొట్టి శుభ్రం చెయ్యి. తర్వాత ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టు. లోపలికి తిప్పితే పెట్రోలు వాటా పెరుగుతుంది. ఒక సిలిండర్ ప్లగ్ వైరు తీసి ఎర్త్ చేసి రెండోది సెట్ చెయ్యి, తర్వాత దీన్ని. చివరికి రెండు స్లైడ్లూ ఒకేసారి లేచేలా కేబుళ్ళు సరిచెయ్యి.

ఒకసారి నడిపి వచ్చి రెండు ప్లగ్గుల రంగు ఎలా ఉందో రాయి. ఒకటే ఇంకా జిడ్డుగా ఉంటే ఆ సిలిండర్‌లో పిస్టన్ రింగులు అరిగాయో, వాల్వ్ గైడ్ అరిగిందో చూడాల్సి వస్తుంది.

నీ పెదనాన్న